వేడి తెలియని చెయ్యి

రాజమ్మ కుడి ముంజేతి మీది మచ్చను మొదట చూసింది ఆమె భర్త హనుమాండ్లు. 2010 ఎండాకాలం. దుకాణం వెనక గదిలో ఆమె నూలుకు చిటికి కడుతోంది. మోచేతికి జానెడు కింద, చిటికెన వేలి వైపు, రూపాయి బిళ్లంత మేర చర్మం రంగు తగ్గింది.

"హైడ్రోస్ పడ్డట్టున్నది," అన్నాడు హనుమాండ్లు.

"పడే ఉంటది," అంది రాజమ్మ. పని ఆపలేదు.

హైడ్రోస్ అద్దకం చేసే ఇళ్లలో ఉండే పొడి. రంగు తప్పుగా ఎక్కిన నూలును అది కలిపిన నీళ్లలో ముంచితే రంగు దిగిపోతుంది. ఇద్దరూ పోచంపల్లిలో పుట్టారు. మగ్గాల మధ్య పెరిగారు. నూలుకు జరిగేదే తోలుకూ జరిగిందనుకున్నారు. మచ్చ గురించి ఆ రోజు అంతకు మించి మాట్లాడుకోలేదు.

వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చి అప్పటికి పదహారేళ్లు. బస్ డిపో వెనక గల్లీలో ఒక మడిగె కిరాయికి తీసుకున్నారు. ముందు చీరల దుకాణం, వెనక వంటిల్లు, ఒక గది, చిన్న వాకిలి. మగ్గం పోచంపల్లిలోనే ఉంది. దాని మీద హనుమాండ్లు తమ్ముడు అంతయ్య నేస్తాడు. నేయకముందు జరిగే పని రాజమ్మది. గ్రాఫ్ కాగితం మీది డిజైన్ చూసుకుంటూ, రంగు అంటకూడని చోటల్లా నూలుకు సైకిల్ ట్యూబు పట్టీలు బిగించి కట్టాలి. దాన్నే చిటికి కట్టడం అంటారు. కట్టిన నూలును రంగులో ఉడికించి, విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ఉడికించాలి. కట్టు వదులైతే రంగు లోపలికి పోతుంది. చీర మీద గీత చెదురుతుంది. రాజమ్మ కట్టిన నూలులో గీత చెదరదని అంతయ్య ఊళ్లో చెప్పేవాడు.

కొనడానికి వచ్చిన ఆడవాళ్లను హనుమాండ్లు వెనకకు తీసుకుపోయి పని చూపించేవాడు. చూసినవాళ్లు బేరం తక్కువ చేస్తారని అతని అనుభవం. 2010 చివర్లో అక్కడ చూపించడానికి కొత్త సంగతి ఒకటి దొరికింది. అంతకుముందు రాజమ్మ ఉడికే రంగులోని నూలును కట్టెతో తిప్పేది, కట్టెతోనే తీసేది. ఇప్పుడు కుడిచేత్తో తీస్తోంది.

"అయ్యో, చెయ్యి కాలదా అమ్మా?" అని ఒక కస్టమరు అడిగింది.

"ముప్పై ఏండ్ల పని మేడం," అన్నాడు హనుమాండ్లు. "మా ఆమె చెయ్యికి వేడి తెల్వది."

ఆమె రెండు చీరలు కొన్నది. హనుమాండ్లు ఆ మాటను తర్వాత చాలామందికి చెప్పాడు. చిన్నప్పుడు ఊళ్లో ముసలి అద్దకం వాళ్ల గురించి పెద్దలు అలాగే చెప్పేవారు. చిటికెన వేలు తిమ్మిరిగా ఉంటోందని రాజమ్మ ఒకటి రెండుసార్లు అంది. పట్టీలు గుంజీ గుంజీ వచ్చిన తిమ్మిరి అని ఆమే అంది.

2011 జూన్‌లో ఒక ఆదివారం ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. తెలంగాణ కోసం ఆ రోజుల్లో జరిగిన నిరసనల్లో అదొకటి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తింటారు. దారి మూసుకుపోతుంది. తమ గల్లీ తరఫున హనుమాండ్లు మూడు పొయ్యిలు పెట్టించాడు. మెడలో గులాబి కండువా వేసుకుని ఇటుకలు సర్దాడు. రాజమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్లు బగారన్నం వండారు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి రాజమ్మ డేగిస మూత తీసింది. మూత అంచు కింద అరచేతిని, చిటికెన వేలి వైపు భాగాన్ని ఆనించి లేపింది. లేపి, మూత అలాగే పట్టుకుని పక్కామెతో మాట్లాడింది.

"అక్కా, బట్ట పట్టుకో! కాలుతది!" అని ఆమె అరిచింది.

"ఏం కాలదు తియ్యి."

హనుమాండ్లు విన్నాడు. చుట్టూ జనం ఉన్నారు. "గది పోచంపల్లి చెయ్యి," అన్నాడు గొంతు పెంచి. "పొయ్యికి భయపడది, లాఠీకి భయపడది!"

చప్పట్లు కొట్టారు. ఎవరో జై తెలంగాణ అన్నారు. అందరూ అందుకున్నారు. రాజమ్మ నవ్వి మూత కింద పెట్టింది.

ఆ గుంపులో నుంచి ఒకామె ముందుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. భుజాన సంచి, చేతిలో గొడుగు. వనస్థలిపురం నుంచి వచ్చిన ఆటోను ఆపేస్తే దిగి నడుస్తోంది.

"అమ్మా, ఒక్క నిమిషం. ఆ చెయ్యి చూపిస్తారా?"

రాజమ్మ చూపించింది. ఆమె మచ్చను చూసింది. సంచిలోంచి కలం తీసి, మూత పెట్టిన కొసతో మచ్చ మీద ముట్టించింది.

"తెలుస్తోందా అండి?"

"తెలుస్తున్నది."

"అటు తిరిగి చెప్పండి. చూడకూడదు."

హనుమాండ్లు దగ్గరికొచ్చాడు. "ఏంది మేడం? ఏం చూస్తున్నరు?"

"నేను స్కిన్ డాక్టర్నండి. చైతన్యపురిలో క్లినిక్. ఈ మచ్చ ఎన్నాళ్ల నుంచి ఉంది?"

యాస గోదావరి జిల్లాలది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం హనుమాండ్లు చూశాడు.

"బంద్‌లు పెట్టినమని గిరాకీ తగ్గిందా మేడం?" అన్నాడు. "రోడ్డు మీదనే పేషెంట్లను పడుతున్నరు?"

జనం నవ్వారు. ఒకతను ఈల వేశాడు.

"అది కాదండీ. ఈమెకు వేడి తెలియడం లేదు. అది మంచిది కాదు."

"గది రోగం కాదు మేడం, పని చెయ్యి. మీ దిక్కు మగ్గాల్లేవా ఏంది?"

"ఉన్నాయండి. మా అమ్మమ్మ గారి ఊళ్లో ఉన్నాయి."

"మరి తెల్వాలె గదా. జర పరేషాన్ గాకుండ్రి. బువ్వ తిని పోండ్రి."

అతనే విస్తరాకులో బగారన్నం పెట్టి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. పొయ్యి పక్కన నిలబడి తిన్నది. తిని, చెయ్యి కడుక్కుని, మందుల చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఏదో రాసి హనుమాండ్లు చేతికిచ్చింది. చైతన్యపురి వైపు నడిచి వెళ్లిపోయింది. చీటీ మీద డాక్టర్ ఉదయలక్ష్మి అన్న పేరు, క్లినిక్ అడ్రసు అచ్చయి ఉన్నాయి. కింద చేత్తో రాసింది ఒకటే ముక్క: 'స్పర్శ పరీక్ష. ఆలస్యం చేయవద్దు.'

ఇంటికి వచ్చాక రాజమ్మ అడిగింది.

"ఓసారి పోయొద్దామా? ఆమె మంచిగనే అడిగింది."

"ఎందుకు?"

"చూపిచ్చుకుంటె ఏం పోతది?"

"ఇజ్జత్ పోతది. మందిల గట్ల అని, రేపు పోయి గామె ముందల కూసోవాల్నా? జర ఆగు. తెలంగాణ రానీ."

ఆ ఏడు వాళ్లింట్లో ప్రతిదానికీ అదే మాట. వాకిలి మీద రేకులు కారుతుంటే తెలంగాణ రానీ. దుకాణానికి రంగు వేయించాలంటే తెలంగాణ రానీ. కొడుకు శ్రీధర్ వనస్థలిపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. అతని పెళ్లి మాటెత్తినా అదే.

"పన్ను నొస్తె గూడ తెలంగాణ ఒచ్చేదాక ఆగాల్నా?" అంది రాజమ్మ.

హనుమాండ్లు నవ్వాడు. ఆమే నవ్వింది. అతను చీటీని పారేయలేదు. డిజైన్ల గ్రాఫ్ కాగితాలుండే సొరుగులో పెట్టాడు. తర్వాతి పదకొండు నెలలు చీటీ అక్కడే ఉంది. కొత్త డిజైన్ తీసిన ప్రతిసారీ అది అతనికి కనిపించేది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. శ్రీధర్ ఇంట్లోనే ఉన్నాడు. బజారులో గులాబి కండువాలు దొరకడం లేదని గల్లీ కమిటీ వాళ్లు తెల్లబట్ట తెచ్చి హనుమాండ్లుకు ఇచ్చారు. ఎనిమిది వందల కండువాలు కావాలన్నారు. శ్రీధర్ కత్తిరించాడు. రాజమ్మ వాకిట్లో గంగాళం పెట్టి రంగు కాచింది. నలభై రోజుల పాటు ఆమె చేతులు మోచేతుల దాకా గులాబి రంగులో ఉన్నాయి. మచ్చ ఆ రంగు కింద ఉండిపోయింది. అరచేతి అంచున ఒకసారి బొబ్బ లేచింది. ఎప్పుడు లేచిందో ఆమె చెప్పలేకపోయింది. హనుమాండ్లు కొబ్బరినూనె రాశాడు.

సమ్మె ముగిసిన రెండు రోజులకు దీపావళి. పండగ అయిన వారానికి పోచంపల్లి నుంచి అంతయ్య ఫోన్ చేశాడు.

"వదినె, చిటికి జారుతున్నది. రంగు లోపలికి తాగింది."

"ఎన్ని చోట్ల?"

"మస్తు చోట్ల. గిది నీ చేతి కట్టేనా? కోడలొచ్చిందా ఏంది, నాకు చెప్పకుంట?"

"నేనే కట్టిన," అంది రాజమ్మ.

ఫోన్ పెట్టేసి చేతిని చూసుకుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి ముడుచుకుంటున్నాయి. ఎడమచేత్తో పట్టి చాచింది. వదిలేస్తే మళ్లీ ముడుచుకున్నాయి. చిటికి కట్టేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు పట్టీని తిప్పుతాయి. నూలు కట్టను కదలకుండా అదిమి పట్టేది ఆ చివరి రెండు వేళ్లే.

ఈసారి హనుమాండ్లు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. చైతన్యపురికి కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోడ్డుకు రెండువైపులా ఉన్న బోర్డులు చదివాడు. ఎముకలు, పిల్లలు, పళ్లు, సంతానం. చర్మం అన్నచోట జుట్టు, లేజర్, పెళ్లికూతుళ్ల ప్యాకేజీ అని కూడా ఉంది. ఎల్బీ నగర్‌లో ఒక బోర్డు దగ్గర దిగి కాంపౌండరును అడిగాడు. డాక్టరుది నల్గొండ అని కాంపౌండర్ చెప్పాడు. హనుమాండ్లుకు అది చాలింది. ఏం చదివాడని అడగలేదు.

ఆ డాక్టర్ బల్ల అవతలి నుంచి చేతిని చూశాడు. బొల్లి అన్నాడు. మూడు నెలలు పూయమని ఒక ట్యూబ్ రాశాడు. వేళ్ల సంగతి చెబితే వయసు అన్నాడు, బలానికి బిళ్లలు రాశాడు. చేతిని ముట్టుకోలేదు.

బొల్లి అన్న మాటతో ఇంట్లో ఇంకో పని పడింది. అప్పటికే శ్రీధర్‌కు చౌటుప్పల్ సంబంధం ఒకటి కుదిరేలా ఉంది. తల్లికి బొల్లి అని తెలిస్తే పిల్లనిస్తారా అని హనుమాండ్లు భయం. రాజమ్మ నిండు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. డాక్టర్ల దగ్గరికి తిరుగుతున్నట్టు ఎవరి కంటా పడకూడదని అనుకున్నారు. ట్యూబ్ అయిపోతే ఇంకోటి కొన్నారు. 2012 ఫిబ్రవరిలో పెళ్లయింది. కోడలు సుప్రియ ఇంటికొచ్చింది.

మే నెలలో ఒక పొద్దున రాజమ్మ ఉడుకుతున్న రంగు గంగాళం ముందు కూర్చుని ఉంది. కుడిచెయ్యి గంగాళం అంచుకు ఆనుకుని ఉంది. నీళ్లు తేవడానికి వాకిట్లోకి వచ్చిన సుప్రియ ఆ చేతిని చూసి కేక వేసింది. చెయ్యి పట్టి లాగింది. అరచేతి అంచున చర్మం గంగాళానికి అంటుకుని ఊడింది.

"అత్తమ్మా! నొప్పి లేదా?"

"లేదు బిడ్డా. నాకు వేడి తెల్వది."

"ఎందుకు తెల్వది?"

రాజమ్మ కోడలి వైపు చూసింది. దుకాణంలోంచి వచ్చిన హనుమాండ్లు గుమ్మంలో ఆగిపోయాడు. రెండేళ్లలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"అందరికి తెల్సేది మీకెందుకు తెల్వది అత్తమ్మా?" అని సుప్రియ మళ్లీ అడిగింది.

హనుమాండ్లు లోపలికి పోయి సొరుగు తీశాడు. చీటీ తెచ్చి కోడలికిచ్చాడు. ఆమె చదివింది.

"గిది ఎప్పటిది మామా?"

"పోయినేడుది."

ఆమె చెప్పులు వేసుకుంది.

చైతన్యపురిలో మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటరు పైన ఉంది క్లినిక్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోలో పది నిమిషాలు పట్టింది. బెంచీల మీద ఉన్నవాళ్లలో ఎక్కువమంది హాస్టళ్ల విద్యార్థులు. మొటిమలు, చుండ్రు, గజ్జి, తామర. లోపలి గదికి తలుపు లేదు, తెర ఉంది. మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"ఈ క్రీమ్ ఎవరు రాశారు బాబూ?"

"ఎవరూ రాయలేదు మేడం. మా రూమ్మేట్‌ది."

"అతనికేంటి?"

"గజ్జి మేడం."

"నీకు తామర. అతనికి గజ్జి. మందు ఒకటే ఎలా అవుతుంది?"

"రూము ఒకటే కదా మేడం."

బెంచీల మీద నవ్వారు. రాజమ్మ కూడా నవ్వింది. తామర మీద ఆ క్రీమ్ పూస్తే నాలుగు రోజులు దురద ఆగుతుందని, ఆ సందులో తామర పాకుతుందని, మెడికల్ షాపులో అడిగి ఏదీ పూయొద్దని డాక్టర్ చెప్పడం వినిపించింది. తువ్వాళ్లు వేరుగా పెట్టుకోమని కూడా చెప్పింది.

గోడకు ఒక కాగితం అంటించి ఉంది. చేత్తో రాసిన అక్షరాలు. ఏ మచ్చ ఎలా ఉంటుందో వరసగా రాసింది. హనుమాండ్లు లేచి వెళ్లి చదివాడు. తామర అంచు ఎర్రగా ఉంటుంది, దురద పెడుతుంది. సోరియాసిస్ పొట్టు రాలుతుంది, అంటుకోదు. బొల్లి పాలలా తెల్లగా ఉంటుంది, ముట్టుకుంటే తెలుస్తుంది. చివరి వరస దగ్గర ఆగాడు. రంగు తగ్గిన మచ్చ, దురద లేదు, నొప్పి లేదు, ముట్టుకుంటే తెలియదు: వెంటనే చూపించుకోవాలి.

వచ్చి రాజమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె అటు తిరిగి సుప్రియకు తమ ఊరి తామర మందు సంగతి చెబుతోంది. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. చేతిలోని చీటీని హనుమాండ్లు మడిచాడు. దాని మూలను మచ్చ మీద ముట్టించాడు. రాజమ్మ మాట్లాడుతూనే ఉంది. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. మచ్చ మీద కాగితం మూల గుర్తు పడింది. రాజమ్మ మాట ఆగలేదు.

చీటీని జేబులో పెట్టుకున్నాడు.

డాక్టర్ ఉదయలక్ష్మి వాళ్లను చూడగానే గుర్తుపట్టింది. ఆ విషయం ఏమీ ఎత్తలేదు. రాజమ్మను కళ్లు మూసుకోమంది. దూదిని పురి పెట్టి, ఒక్కోచోట ముట్టిస్తూ, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ ఎడమచేతి వేలితో చూపించమంది. ఎడమ భుజం, మెడ, కుడి భుజం. రాజమ్మ చూపించింది. కుడి ముంజెయ్యి, అరచేతి అంచు, చిటికెన వేలు. రాజమ్మ ఎదురుచూస్తూ కూర్చుంది.

"ముట్టండి మేడం," అంది.

డాక్టర్ మోచేతి వెనక వేళ్లతో తడిమింది. అక్కడి నరం తాడులా లావైందని చెప్పింది. మోకాలి పక్కన తడిమింది. అక్కడా అంతే. సుప్రియను పిలిచి అత్తగారి జాకెట్టు వెనక తీయమంది. వీపు మీద ఇంకో మూడు మచ్చలున్నాయి.

"గవి నేనెప్పుడు చూడలే," అంది రాజమ్మ. "వీపు ఎవరు చూస్తరు?"

వేళ్లు ఎప్పటి నుంచి ముడుచుకున్నాయని డాక్టర్ అడిగింది. దీపావళి అయినంక అని రాజమ్మ చెప్పింది. డాక్టర్ కాగితం మీద రాసుకుంది. రాసి, కలం మూత పెట్టింది.

"ఇది కుష్ఠు అమ్మా. భయపడకండి. మందుంది, తగ్గిపోతుంది. సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తారు, నేను చీటీ రాసిస్తాను. మీకు పన్నెండు నెలలు వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటుకోదు. ఇంట్లోనే ఉండండి, కలిసే తినండి. గిన్నెలు వేరుగా పెట్టక్కర్లేదు."

రాజమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. కింద కోచింగ్ సెంటరులో గంట కొట్టారు.

"చేతి ఏళ్లు?" అన్నాడు హనుమాండ్లు. "ఏళ్లు సక్కగైతయా మేడం?"

"రోగం పోతుందండి. నరం వేరే సంగతి. నరం దెబ్బతిన్న ఆరు నెలల లోపు వస్తే మందుతో చాలామందికి బలం తిరిగొస్తుంది. దీపావళి అయ్యి ఏడో నెల. మందు ఇస్తాను, చూద్దాం. వేళ్లు చాచడానికి ఆపరేషన్ ఉంది. స్పర్శ మాత్రం రాదు."

"పోయినేడు జూన్ల ఒస్తే?"

ఆమె కాగితం మీద రాసుకున్నది మళ్లీ చూసింది. "అప్పుడు వేళ్లు బాగానే ఉన్నాయి," అంది.

హనుమాండ్లు జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "మేడం, ఆనాడు నేను మందిల..."

"ఆ రోజు మీరు నాకు అన్నం పెట్టారండి," అంది ఆమె. "నేను తిన్నాను. తిన్నాక ఇంకోసారి అడగాల్సింది. భయమేసింది. అంతమంది ఉన్నారు కదా. చీటీ రాసి వచ్చేశాను. మీ దుకాణం ఎక్కడని కూడా అడగలేదు. అడిగి ఉంటే తర్వాతైనా వచ్చేదాన్ని."

చీటీని ఆమె తీసుకోలేదు. అతనూ తీసుకోలేదు.

ఇంట్లోవాళ్లందరినీ చూడాలని, ఇప్పుడే చూస్తానని చెప్పింది. ముందు సుప్రియను చూసింది. తర్వాత హనుమాండ్లును చొక్కా విప్పి కళ్లు మూసుకోమంది. దూది ముట్టించింది. అతను వేలు పెట్టి చూపించాడు. మళ్లీ ముట్టించింది. మళ్లీ చూపించాడు. ముంజెయ్యి, అరచేతి అంచు, చిటికెన వేలు, వీపు. పన్నెండు చోట్ల ముట్టుకుంది. పన్నెండు సార్లూ అతనికి తెలిసింది. కళ్లు తెరవమని ఆమె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

రాజమ్మ పన్నెండు నెలలూ బిళ్లలు మింగింది. ఆ బిళ్లలతో ఒళ్లు నల్లబడింది. "ఇన్నేండ్లు నూలుకు ఎక్కిచ్చిన, గిప్పుడు నాకెక్కింది," అని సుప్రియతో అంది. చికిత్స అయ్యాక ఆ రంగు కొంత తగ్గింది. మచ్చలు మసకబడ్డాయి. ఉంగరం వేలు సగం వచ్చింది. చిటికెన వేలు రాలేదు. ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకోలేదు. చాచిన వేలికి నూలు తెలియనప్పుడు చాచి ఏం లాభమని అడిగింది.

చిటికి కట్టడం ఆగిపోయింది. సుప్రియకు నేర్పబోయింది గాని, ఆ అమ్మాయి డిగ్రీ పరీక్షలకు చదువుకుంటోంది. హనుమాండ్లు తనే కట్టాలని కూర్చున్నాడు. రాజమ్మ పక్కన కూర్చుని చెప్పింది. అతను కట్టిన నూలును అంతయ్య నేయకుండా తిప్పి పంపాడు. ఫోన్‌లో ఏమీ అనలేదు. ఆ తర్వాత హనుమాండ్లు తయారైన చీరలే తెచ్చి అమ్మాడు. కొనేవాళ్లను వెనక గదిలోకి తీసుకుపోవడం మానేశాడు. కొందరు పాత కస్టమర్లు అడిగేవారు, ఆ వేడి తెలియని అమ్మ బాగుందా అని. బాగుందని చెప్పేవాడు.

2014లో తెలంగాణ వచ్చింది. మే చివరి వారంలో గల్లీ కమిటీ వాళ్లు తెల్లబట్ట తెచ్చారు. జూన్ రెండుకు మూడు వందల కండువాలు కావాలన్నారు. రాజమ్మను అడగడానికి వచ్చారు. హనుమాండ్లు తాను చేస్తానన్నాడు.

వాకిలి మీద రేకులు అప్పటికే మార్చారు. దుకాణానికి రంగు వేయించారు. గంగాళం అదే. డాక్టర్ చెప్పినట్టు రాజమ్మ పొయ్యికి దూరంగా పీట వేసుకుని కూర్చుంది. రంగు ఎక్కిందో లేదో అక్కడి నుంచే చూసి చెబుతోంది.

"తియ్యి ఇగ. అయ్యింది."

హనుమాండ్లు కట్టె పక్కన పెట్టాడు. కుడిచెయ్యి ముంచి కండువా కొస పట్టుకోబోయాడు. వెంటనే చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. వేళ్లు ఎర్రబడ్డాయి.

"ఏం చేస్తున్నవు? కట్టె లేదా?" అంది రాజమ్మ.

అతను వేళ్లు చూసుకున్నాడు.

"కాలిందా?"

"కాలింది."

"పో. నల్లా కింద పెట్టు."

ఆమె లేచి, ఎడమచేత్తో కట్టె తీసుకుని కండువాలను ఒక్కొక్కటే పైకెత్తి తాడు మీద వేసింది. అతను నల్లా కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మంట సాయంత్రం దాకా ఉంది.